వైద్య వృత్తికి కావలి ఎవరు?

తనకు జరిగిన చికిత్స సరియైనదో కాదో నిర్ణయించుకోగల శాస్త్రజ్ఞానం సామాన్యంగా రోగికి ఉండదు. కనుకనే వైద్యుని యోగ్యతను పరీక్షించి పట్టికలో పేరు చేర్చడానికి, అవసరమైతే తొలగించడానికి అధికారం గల ఒక మండలి అవసరమవుతుంది. ఆ మండలిలో ఎవరు ఆసీనులు కావాలి? శాస్త్రం తెలిసిన వైద్యులా, ఫలితం అనుభవించే ప్రజలా? ఈ విషయంలో బ్రిటన్ అనుభవం గమనింపదగినది.

1858 నాటి వైద్య చట్టం ద్వారా అక్కడ జనరల్ మెడికల్ కౌన్సిల్ ఏర్పడింది. అర్హులెవరో, అనర్హులెవరో ప్రజలకు తెలియజేయడం దాని తొలి ధ్యేయం. 1886 చట్టంతో వైద్యులకు తమ ప్రతినిధులను స్వయంగా ఎన్నుకొనే హక్కు లభించింది. వైద్యేతరునికి తొలిసారి స్థానం దక్కింది 1926లోనే. కాలక్రమేణా సభ్యుల సంఖ్య 104కు చేరినా, ఆధిక్యం వైద్యులదే.

ఈ వ్యవస్థపై విశ్వాసాన్ని కుదిపివేసిన ఉదంతాలలో హెరాల్డ్ షిప్‌మన్ ఉదంతం ప్రధానమైనది. దొంగ చీటీలతో పెథిడిన్ అనే మత్తుమందు సంపాదించినందుకు 1976లో శిక్ష పడిన ఈ వైద్యుని కౌన్సిల్ హెచ్చరికతో విడిచిపెట్టింది. అతడు 15 మంది రోగులను హత్య చేసినట్లు 2000 జనవరిలో న్యాయస్థానం నిర్ధారించింది. న్యాయమూర్తి జానెట్ స్మిత్ విచారణ 2002లో ఆ సంఖ్యను 215గా తేల్చింది. కౌన్సిల్ రోగుల రక్షణ కంటె వైద్యుల మేలుకే మొగ్గిందని 2004 నాటి ఐదవ నివేదిక విమర్శించింది. ఓటు వేసినవారి పట్ల ఎన్నికైనవారు కఠినంగా ఉండలేకపోవడం మానవ సహజం. కంచే చేను మేసిందన్న అనుమానం ప్రజలలో కలిగిన పిమ్మట ఏ మండలికీ గౌరవం నిలువదు.

మార్పు అంచెలంచెలుగా వచ్చింది. 2003లో సభ్యుల సంఖ్య 35కు తగ్గింది; వారిలో 14 మంది వైద్యేతరులు. 2009లో ఎన్నికలు పూర్తిగా రద్దై, 12 మంది వైద్యులు, 12 మంది ఇతరులు నియమితులయ్యారు. 2013లో ఆ సంఖ్య ఆరుగురు, ఆరుగురుగా కుదించబడింది. 2012 డిసెంబరు నుండి వైద్యులు సాధారణంగా అయిదేళ్ళకొకసారి తమ యోగ్యతను తిరిగి నిరూపించుకొనే విధానం కూడా అమలైంది.

మన దేశం వేరొక మార్గం తొక్కింది. అవినీతి ఆరోపణల నేపథ్యంలో 2010లో భారత వైద్య మండలి పాలకవర్గం రద్దయింది. 2019 చట్టం ప్రకారం 2020 సెప్టెంబరు 25న జాతీయ వైద్య కమిషన్ దాని స్థానంలోకి వచ్చింది. ఎన్నికల స్థానాన్ని చాలవరకు ప్రభుత్వ నియామకాలు ఆక్రమించడంతో, అధికారం వైద్యుల చేతినుండి పాలకుల చేతికి మారిందన్న ఆక్షేపణ వినవచ్చింది.

విదేశాలలో చదివి బ్రిటన్‌లో వృత్తి సాగిస్తున్న మన తెలుగు వైద్యులకు ఇది పరాయి విషయం కాదు. విదేశీ పట్టభద్రులపై యాజమాన్యాలు కౌన్సిల్‌కు చేసే ఫిర్యాదులు స్వదేశీ పట్టభద్రులపై చేసేవాటికి సుమారు రెండున్నర రెట్లని, ఆ కౌన్సిల్ స్వయంగా చేయించిన 2019 అధ్యయనమే వెల్లడించింది. ఎన్నికలు లేనందున తమ గోడు వినిపించే ప్రతినిధిని ఎన్నుకొనే అవకాశం వైద్యులకు లేదు. కనుక సభ్యత్వం మార్చినంత మాత్రాన న్యాయం దానంతట అదే సిద్ధించదు. రోగికి రక్షణ, వైద్యునికి నిష్పాక్షిక విచారణ రెండూ కావలెనంటే, నియామకాలు ఎలా జరుగుతున్నవో, ఫిర్యాదులు ఎక్కడినుండి వస్తున్నవో సమాజం నిరంతరం గమనిస్తూ ఉండాలి. కావలివానికి సైతం కావలి అవసరమే.