పైపు ఆర్గాన్ నుంచి లెగ్ హార్మోనియం దాకా

కొలిమి తిత్తి వంటి తిత్తులతో గాలిని కూడబెట్టి, దానిని బారుగా నిలిపిన గొట్టాల్లోకి వదిలి నాదం పుట్టించే వాద్యం పైపు ఆర్గాన్. దీని మూలరూపాన్ని క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన క్టెసిబియస్ నీటి ఒత్తిడితో నడిపించాడు. వాయించేవారు మెట్టు నొక్కగానే కింద కవాటం తెరుచుకొని, గాలి ఆ మెట్టుకు చెందిన గొట్టంలోకి చేరి, పిల్లనగ్రోవిలో వలె అంచుకు తగిలి మోగుతుంది. గొట్టం పొడవు పెరిగేకొద్దీ స్వరం మంద్రమవుతుంది. చిన్న ప్రార్థనాలయాల ఆర్గాన్లలో ఇటువంటి గొట్టాల వరుసలు కొద్దిగానే ఉంటాయి.

ఈ వాద్యం తెలుగునాటికి వస్తే, నెల్లూరు తీరం దానికి కఠినమైన చోటు. ఉప్పుగాలి, చెమ్మ, చెదలు చెక్కనూ తోలునూ దెబ్బతీస్తాయి. అంతకు మించి, వేడికి గాలిలో ధ్వనివేగం హెచ్చుతుంది కనుక 20 డిగ్రీల వద్ద శ్రుతి చేసిన గొట్టం 35 డిగ్రీల ఎండవేళ పక్క మెట్టుకు ఉన్న దూరంలో దాదాపు సగం పైకి జరుగుతుంది. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో స్థిరపడిన తరువాతి దశాబ్దాల్లో, అమెరికాలో ఇంటింటి వాద్యమైనది గొట్టాలు లేని రీడ్ ఆర్గాన్. మడిచి మోసుకుపోగల దాని చిన్న రూపాలను మిషనరీలు దేశదేశాలకూ తీసుకువెళ్లారు. ఇందులో పలికేది ఇత్తడి రీడు, అంటే సన్నని చీలికపై ఒక కొన బిగించి మరో కొన వదిలిన పలుచని రేకు. కొనను ఆకురాయితో కాస్త అరగదీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర అరగదీస్తే తగ్గుతుంది. ఎండ దీని శ్రుతిని అంతగా కదిలించలేదు.

1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ పేటెంటు పొందిన హార్మోనియం ఈ కుటుంబానిదే. అది భారతదేశంలో చేతితిత్తి పెట్టెగా మారి, తెలుగునాట పద్యనాటకానికి ప్రాణమైంది. రంగస్థలం మీద కాళ్లతో తొక్కే రూపానికి లెగ్ హార్మోనియమని పేరు. కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బాణీలకు దీనితో ఒక చిక్కుంది. స్వరం నుంచి స్వరానికి జారే గమకాన్ని మెట్లు పలికించలేవు. అయినా గొంతు కలిపే సమూహానికి అది ఇచ్చే శ్రుతి ఆసరాకు సాటి లేదు.

పాత చర్చిల మూలగదుల్లో ఇటువంటి పెట్టెలు కనిపిస్తే సంఘ పెద్దలు తుక్కుకు వేయకుండా, లోపలి తయారీదారు పేరునూ సంఖ్యనూ రాసిపెట్టి, తెలిసిన పనివారికి చూపించాలి. తోలు చినిగినా కొత్తది వేయవచ్చు. ఇత్తడి రీడ్లు చాలావరకు శుభ్రం చేస్తే మళ్లీ పలుకుతాయి.