ఇంటి సెప్టిక్ ట్యాంకు: అనుమతితో ముగియని బాధ్యత

హైదరాబాద్: భూగర్భ మురుగునీటి పారుదల సౌకర్యం లేని పట్టణ ప్రాంతాలలోను, గ్రామాలలోను అనేక గృహాల మరుగుదొడ్లకు సెప్టిక్ ట్యాంకే ఆధారం. ఇంటి నిర్మాణ ప్లానులో చిన్న గడిగా కనిపించే ఈ ట్యాంకు ఒకవైపు తాగునీటి బావులతోను, మరొకవైపు పారిశుద్ధ్య కార్మికుల ప్రాణాలతోను ముడిపడి ఉన్నది. కావున అనుమతి మంజూరు దశలోనే గాక, నిర్మాణ సమయంలోను, ఆ తరువాత కూడా తనిఖీ అవసరమగుచున్నది.

అనుమతి దశ: ఇంటి నిర్మాణానికి పట్టణాలలో పురపాలక సంఘం లేదా నగరపాలక సంస్థ, గ్రామాలలో గ్రామ పంచాయతీ అనుమతి ఇచ్చునపుడే ట్యాంకు స్థలాన్ని, కొలతలను పరిశీలించవలసి ఉన్నది. ఇందుకు ఐ.ఎస్. 2470 అను భారతీయ ప్రమాణం మార్గదర్శకం. దీని ప్రకారం ట్యాంకు వెడల్పు కనీసం 75 సెంటీమీటర్లు, నీటి మట్టానికి దిగువన లోతు కనీసం ఒక మీటరు, నిల్వ సామర్థ్యం కనీసం 1,000 లీటర్లు ఉండవలెను. పొడవు వెడల్పుకు 2 నుండి 4 రెట్లు ఉండవలెను.

తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం చిన్న గృహాలకు స్వీయ ధ్రువీకరణ పద్ధతిని ప్రవేశపెట్టినది. దీనివలన అనుమతులు త్వరితగతిన లభించినప్పటికీ, ప్లానులో చూపినట్లే నిర్మించవలసిన బాధ్యత యజమానిపై మరింత పెరిగినది.

నిర్మాణ దశ: ట్యాంకులో చేరిన వ్యర్థాలలో బరువైనవి అడుగున మడ్డిగా పేరుకొనును. జిడ్డు పైన తెట్టుగా తేలును. మధ్యనున్న నీరు వెలుపలికి పోవును. ఈ నీరు శుద్ధమైనది కాదు. దీనిని ఇంకుడు గుంతలోనికి మళ్లించవలెనే గాని వీధి కాలువలోనికి వదలరాదు. ఇంకుడు గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్లు, నివాస గృహానికి కనీసం 6 మీటర్ల దూరంలో ఉండవలెను. అడుగు భాగాన కాంక్రీటు వేయని ట్యాంకు నుండి మలినాలు నేరుగా భూగర్భ జలాలలో కలియును. పైకప్పు వేసిన పిమ్మట ఈ లోపం కంటికి కనిపించదు. అందువలన ట్యాంకు మూయకముందు జరిపే తనిఖీయే కీలకమైనది.

శుభ్రపరచు దశ: సాధారణంగా రెండు మూడు సంవత్సరాలకొకసారి మడ్డిని తొలగించవలెను. తొలగించిన మడ్డిని పొలాలలో, చెరువులలో వదలక శుద్ధి కేంద్రానికి చేర్చవలెను. వరంగల్ నగరపాలక సంస్థ 2016లో మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు రూపొందించినది. దేశంలో ఇటువంటి నిబంధనలు తెచ్చిన తొలి నగరాలలో వరంగల్ ఒకటి. జాతీయ స్థాయిలో 2017లో ప్రత్యేక విధానం వెలువడినది.

కార్మికుల భద్రత: మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వంటి వాయువులు చేరును. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగినపుడు ముక్కు దాని వాసనను పసిగట్టలేదు. లోనికి దిగిన వ్యక్తి క్షణాలలో స్పృహ కోల్పోవును. ఆయనను కాపాడుటకు దిగిన వారు కూడా మరణించిన సంఘటనలు ఉన్నవి.

రక్షణ సాధనాలు, భద్రతా చర్యలు లేకుండా సెప్టిక్ ట్యాంకు శుభ్రపరచుటకు ఎవరినీ నియోగించరాదని 2013 నాటి చట్టం నిర్దేశించుచున్నది. ఈ నిషేధం గృహ యజమానులకు సైతం వర్తించును. తొలిసారి ఉల్లంఘించినచో రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధించవచ్చును. మరల ఉల్లంఘించినచో ఐదేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధించవచ్చును. ఇటువంటి మరణాలకు 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించవలెనని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరు 20న ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచినది.

కావున ట్యాంకును ఏ తేదీన, ఏ వాహనం ద్వారా ఖాళీ చేయించినదీ, మడ్డిని ఎచ్చట వదిలినదీ స్థానిక సంస్థలు నమోదు చేయుట ప్రయోజనకరం. ప్రమాదం జరిగినపుడు పాత్రికేయులు మృతుల సంఖ్యతో పాటు యంత్రాన్ని ఎందుకు వినియోగించలేదో, పనికి ఎవరు నియోగించారో కూడా వెలుగులోనికి తెచ్చినచో ప్రజలలో అవగాహన పెరుగును. గృహ యజమానులు యంత్రసహిత వాహనాల ద్వారానే ట్యాంకులను శుభ్రపరచుకొనవలెనని, ఎట్టి పరిస్థితులలోను మనిషిని లోనికి దింపరాదని కోరడమైనది.