ఓటు ఏడ రాసుకోవాలె?

ముఖచిత్ర కథనం

జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం. ఆ సందర్భంగా కొత్త ఓటర్ల మీద కథనం కావాలని ఎడిటర్ చెప్పారు. యువత ఓటుకు ఎందుకు దూరమవుతోందన్న ప్రశ్నతో బయల్దేరాను. బోయినపల్లిలో పిల్లలతో మాట్లాడాక ఆ ప్రశ్న పక్కకు పోయింది. ఓటు వద్దన్నవాళ్లు కనబడలేదు. కొత్తగా ఓటు నమోదుకు ఇచ్చే ఫారం 6 ముందు పెట్టుకుని, ఏం రాయాలో తెలియక పెన్ను ఆపేసినవాళ్లే కనబడ్డారు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ ఫారానికే ఇస్తున్నాను.

మొదటి గడిలోనే చిక్కు

ఫారం పైభాగంలోనే అసెంబ్లీ నియోజకవర్గం నంబరు, పేరు అడుగుతుంది. బోయినపల్లి ఉన్నది రాజన్న సిరిసిల్ల జిల్లాలో. కాబట్టి కొందరు సిరిసిల్ల అని, కొందరు వేములవాడ అని రాస్తారు. రెండూ తప్పే. ఈ మండలం ఓటు చొప్పదండిలో ఉంది. నంబరు 27, ఎస్సీ రిజర్వుడు స్థానం. 2016 అక్టోబరు 11న జిల్లాలు మారాయి గానీ, నియోజకవర్గాల హద్దులు 2008 పునర్విభజన నాటివే. దాంతో ఒక్క చొప్పదండిలోనే మూడు జిల్లాల మండలాలున్నాయి: చొప్పదండి, గంగాధర, రామడుగు కరీంనగర్‌వి; మల్యాల, కొడిమ్యాల జగిత్యాలవి; బోయినపల్లి సిరిసిల్లది. కలెక్టరేటు ఒక ఊళ్లో, ఎమ్మెల్యే ఇంకో జిల్లాలోని ఊరి పేరు మీద, ఎంపీ కరీంనగర్‌కు. పద్దెనిమిది నిండిన పిల్లకు ఈ సంగతి బడిలోనూ చెప్పరు, ఇంట్లోనూ చెప్పరు.

అసలు బరువంతా సంతకం చేసే చోట ఉంది. ఈ చిరునామాలో ఏ నెల, ఏ సంవత్సరం నుంచి ఉంటున్నారో రాసి, పేరు ఇంకెక్కడా లేదని ఒప్పుకుని సంతకం పెట్టాలి. అబద్ధం రాస్తే 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడొచ్చన్న హెచ్చరిక కూడా అక్కడే ఉంటుంది. నిజాయితీగల పిల్లలు సరిగ్గా అక్కడే ఆగిపోతున్నారు.

"సార్, నేను కరీంనగర్ హాస్టల్ల ఉంట. పండుగకే ఇంటికొస్త. మరి ఓటు ఏడ రాసుకోవాలె?" అని డిగ్రీ చదివే అమ్మాయి అడిగింది. ఎన్నికల సంఘం నిబంధనల్లో దీనికి తేటతెల్లమైన జవాబుంది. హాస్టల్లో ఉండి చదివేవాళ్లు సొంత ఊళ్లో అమ్మానాన్నల దగ్గరైనా, చదివే చోటైనా నమోదు చేసుకోవచ్చు. చదివే చోట కావాలంటే కాలేజీ నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ జత చేయాలి. ఒక్కచోటే ఉండాలన్నది మాత్రం తప్పని షరతు. ఆ మాట వినగానే అమ్మాయి ముఖం తేలికపడింది. ఇంతకాలం ఆమెను ఆపింది ఈ ఒక్క సందేహమే.

రెండో ప్రశ్న ఇంకా లోతైనది. "మా పాత ఊరు నీళ్లల్ల పోయింది. ఆధార్ల ఇంకా పాత ఇంటి నంబరే ఉన్నది. ఏది రాయాలె?" మన్వాడ దగ్గర మిడ్ మానేరు జలాశయం కట్టాక కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊళ్లు ముంపులో పోయాయి. జనం పునరావాస కాలనీలకు వచ్చారు. ఇలాంటి ఇంటి పిల్లలు ఇప్పుడు ఉంటున్న కాలనీ చిరునామానే రాయాలి. రుజువు వాళ్ల పేరు మీద లేకపోతే తల్లిదండ్రుల పేరు మీదున్న కాగితం చెల్లుతుంది. ఇంట్లో పెద్దల ఓటు ఇంకా పాత చిరునామాలోనే ఉంటే వాళ్లు చిరునామా మార్పు కోసం ఫారం 8 పెట్టుకోవాలి.

మూడో భయం ఆధార్. ఆ నంబరు లేనిదే ఓటు రాదని చాలామంది అనుకుంటున్నారు. తెలంగాణ కాంగ్రెస్ నేత జి. నిరంజన్ వేసిన కేసులో, ఆధార్ తప్పనిసరి కాదని ఎన్నికల సంఘం 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు చెప్పింది.

ఈ గడ్డ మీద రిఫరెండం

ఈ ఫారంతో వచ్చే ఓటు బలం ఈ గడ్డకు తెలుసు. మన రాజ్యాంగంలో రిఫరెండానికి, అంటే ఒక ప్రశ్న మీద ప్రజలు నేరుగా ఓటేసే పద్ధతికి, చోటు లేదు. 1967లో గోవా, 1975లో సిక్కిం ప్రజలు తమ భవిష్యత్తు మీద నేరుగా ఓటేసిన సందర్భాలు వేరే. కానీ కరీంనగర్ జనం ఉప ఎన్నికనే ప్రత్యేక తెలంగాణ మీద రిఫరెండం చేశారు. కేసీఆర్ రాజీనామా చేసి 2006 డిసెంబరులో కరీంనగర్ లోక్‌సభకు మళ్లీ నిలబడితే మెజారిటీ రెండు లక్షలు దాటింది. 2010 జులైలో సిరిసిల్ల, వేములవాడ, కోరుట్ల, ధర్మపురి సహా 12 స్థానాల్లో ఉప ఎన్నికలు జరిగితే 11 టీఆర్ఎస్‌కు, ఒకటి బీజేపీకి వచ్చాయి. అప్పటికి ఓటు వయసు 21 నుంచి 18కి దిగి రెండు దశాబ్దాలైంది. 1989లో వచ్చిన ఆ మార్పు లేకపోతే ఉద్యమంలో నడిచిన ఎందరో విద్యార్థులు ఆ తీర్పుకు బయటే ఉండేవాళ్లు.

జాబితాలో పేరుంటేనే సభలో మాట

2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో ఒక విషయం చాలామందికి ఆలస్యంగా తెలిసింది. పంచాయతీకి విడిగా దరఖాస్తు ఉండదు. అసెంబ్లీ జాబితాలోని పేర్లే వార్డులవారీగా పంచాయతీ జాబితాలోకి వస్తాయి. అక్కడ లేకపోతే ఇక్కడా లేనట్టే. ఊళ్లో రోడ్డు మీద, చెరువు మీద, లబ్ధిదారుల ఎంపిక మీద మాట్లాడే గ్రామసభ సభ్యులు కూడా ఆ జాబితాలోని వాళ్లే. మళ్లీ మళ్లీ జరిగే రిఫరెండం అంటూ మనకు ఏదైనా ఉంటే అది గ్రామసభే. దానికి ప్రవేశం ఫారం 6 నుంచే.

బాక్స్: వెంటనే తెలుసుకోవాల్సినవి

• 17 ఏళ్లు నిండితే ముందే దరఖాస్తు చేయొచ్చు. అర్హత తేదీలు ఏడాదికి నాలుగు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1.
• నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నికకు కొత్త పేర్లు చేరవు.
• చేతిలో ఓటరు కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటేయనివ్వరు.
• సందేహాలకు 1950 నంబరు, లేదా మీ పోలింగ్ కేంద్రం బీఎల్వో (బూత్ స్థాయి అధికారి).

బాక్స్: బ్రిటన్‌లో మన పిల్లలు

బ్రిటన్‌లో నివసించే భారతీయులు కామన్వెల్త్ పౌరులుగా అక్కడ ఓటు నమోదు చేసుకోవచ్చు. అలా యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అని 2016 జూన్ 23న జరిగిన బ్రెగ్జిట్ రిఫరెండంలో మన విద్యార్థులకూ ఓటు హక్కు దక్కింది. నమోదు చివరి రోజు జూన్ 7 రాత్రి వెబ్‌సైట్ మొరాయిస్తే గడువును జూన్ 9 దాకా పెంచారు. 2014 స్కాట్లాండ్ స్వాతంత్ర్య రిఫరెండంలో 16 ఏళ్లవాళ్లూ ఓటేశారు.

ఓటు వజ్రాయుధమని గోడల మీద రాసే నినాదాల మీద నాకు నమ్మకం తక్కువ. పక్కన కూర్చుని ఫారం నింపించే మనిషి మీద నమ్మకం ఎక్కువ. కాబట్టి సర్పంచులకు, కాలేజీ ప్రిన్సిపాళ్లకు నా విన్నపం ఒక్కటే. గ్రామసభ జరిగే ప్రతిసారీ ఓటర్ల జాబితా, ఫారం 6 కట్ట, బీఎల్వో ఒకే బల్ల దగ్గర ఉండాలి. కాలేజీలో అడ్మిషన్ల వారంలోనే బోనఫైడ్ సర్టిఫికెట్‌తో పాటు ఓటు ఫారం కూడా ఇవ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. ఈ ఏడాది పద్దెనిమిది నిండుతున్న పిల్లలున్న ప్రతి ఊరూ వచ్చే గ్రామసభ నుంచే ఇది మొదలుపెట్టొచ్చు.