తగ్గని జ్వరం: స్కానింగ్ ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

బెంగళూరులో వానలు మొదలైతే జ్వరాలూ మొదలవుతాయి. వాటిలో చాలావరకు వారం పది రోజుల్లో తగ్గిపోతాయి. డెంగీ, మలేరియా వంటివి రక్తపరీక్షలోనే బయటపడతాయి. కొందరిలో మాత్రం జ్వరం వారాల తరబడి వస్తూ పోతూ ఉంటుంది. 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం 3 వారాలకు మించి కొనసాగి, తగిన పరీక్షల తరువాత కూడా మూలం తేలకపోతే, వైద్యులు దానిని ‘కారణం తెలియని జ్వరం’గా పరిగణిస్తారు. 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే అమెరికా వైద్యులు 100 మంది రోగులను పరిశీలించి దీనికి తొలి నిర్వచనం ఇచ్చారు. నేటి స్కానింగ్ యంత్రాలు లేని ఆ కాలంలో కొందరికి కడుపు కోసి చూడవలసి వచ్చేది.

ఏ పరీక్ష దేనికి?

ఛాతీ ఎక్స్‌రే ఊపిరితిత్తుల క్షయను, న్యుమోనియాను చూపగలదు. పొట్ట అల్ట్రాసౌండ్ కాలేయంలోని చీముగడ్డను, వాచిన ప్లీహాన్ని, పొట్టలో చేరిన నీటిని చూపుతుంది. గుండె కవాటాలకు సోకిన ఇన్ఫెక్షన్‌ను ఎకో పరీక్ష పట్టుకుంటుంది. వీటితో తేలనప్పుడు సీటీ స్కాన్, వెన్నెముక లేదా మెదడుపై అనుమానముంటే ఎమ్మారై అవసరమవుతాయి.

పెట్-సీటీ సాధారణంగా చివరి మెట్టు. ఇందులో స్వల్పంగా రేడియోధార్మికత గల గ్లూకోజు వంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, సుమారు గంట తరువాత శరీరమంతటినీ చిత్రిస్తారు. వాపు, ఇన్ఫెక్షన్, క్యాన్సర్ ఉన్న కణాలు చక్కెరను ఎక్కువగా పీల్చుకొని ఆ చిత్రంలో మెరుస్తాయి. పరీక్షకు ముందు దాదాపు 6 గంటలు ఉపవాసం ఉండాలి. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే చిత్రం స్పష్టంగా రాదు. కనుక మధుమేహం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా తప్పక తెలపాలి.

చిత్రం చోటు చూపుతుంది, పేరు చెప్పదు

క్షయ సోకిన గ్రంథి, లింఫోమా అనే క్యాన్సర్ సోకిన గ్రంథి పెట్-సీటీలో ఒకేలా మెరవవచ్చు. రెండింటికీ చికిత్స పూర్తిగా వేరు. అందుకే మెరిసిన చోటునుండి చిన్న ముక్క తీసి పరీక్షించడం, అంటే బయాప్సీ, తరచుగా తప్పనిసరి. స్కాన్ అయిపోయిందని అక్కడితో ఆగితే పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. అలాగే వైద్యుని సలహా లేకుండా మందుల దుకాణంలో కొని వేసుకున్న స్టెరాయిడ్ మాత్ర జ్వరాన్ని కొన్నాళ్లు అణచి, అసలు వ్యాధిని స్కాన్‌కూ బయాప్సీకీ అందకుండా దాచవచ్చు.

వలస వచ్చినవారు గమనించవలసినవి

ఊరి వివరాలూ వైద్యునికి ఆధారాలే. పశువులతో పని, కాచని పాలు తాగడం బ్రూసెల్లోసిస్‌ను సూచించవచ్చు. పొలాల్లో, పొదల్లో తిరిగినవారి ఒంటిపై నల్లని పొక్కు ఉంటే స్క్రబ్ టైఫస్ కావచ్చు. దీనికి స్కాన్ కంటే రక్తపరీక్షే ముఖ్యం. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఈ జ్వరం కనబడుతోంది. కన్నడంలో జ్వరాన్ని ‘జ్వర’, చలిని ‘చళి’, దగ్గును ‘కెమ్ము’, చెమటను ‘బెవరు’ అంటారు.

తొలి సలహాకు వార్డులోని నమ్మ క్లినిక్‌కు వెళ్లవచ్చు. అక్కడ సేవలు ఉచితం. పెద్ద పరీక్షలకు విక్టోరియా, బౌరింగ్, మల్లేశ్వరంలోని కె.సి. జనరల్ వంటి ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. క్షయ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా లభిస్తాయి. క్షయ సమాచారానికి 1800-11-6666 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పని మారినా, ఊరు వెళ్లినా పాత కాగితాలు, ఫిల్ములు, సీడీలు, బయాప్సీ నివేదికలు తేదీల వరుసలో ఒకే సంచిలో ఉంచాలి. అవి లేకపోతే కొత్త వైద్యుడు మళ్లీ మొదటి పరీక్షనుండి ఆరంభించవలసి వస్తుంది. ఊపిరాడకపోవడం, మెడ బిగుసుకోవడం, మాట తడబడడం, మూర్ఛ, రక్తస్రావం కనబడితే మాత్రం స్కాన్ తేదీ కోసం వేచి ఉండక వెంటనే 108కి ఫోన్ చేయాలి.