ఓనరు భయం, చీర వేషం

జహీరాబాద్‌లో గది వెతుక్కునే కుర్రాణ్ని కిరాయి ఎంతిస్తావని ఎవరూ ముందుగా అడగరు. ఫ్యామిలీ ఉందా అని అడుగుతారు. ఆ ప్రశ్న ఒక గల్లీలో తెలుగులో వస్తుంది, పక్క గల్లీలో దక్కనీ ఉర్దూలో. ఓనరు బీదర్ వైపు మనిషైతే దానికి కాస్త కన్నడం అంటుకుంటుంది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనికొచ్చినవాడైనా, అల్లం బేరానికొచ్చినవాడైనా ఒంటరి మగవాడికి దొరికే జవాబు మాత్రం ఏ భాషలోనైనా ఒకటే: గది లేదు.

ఈ ఒక్క జవాబు మీద మన దేశంలో అరడజను సినిమాలు నడిచాయి. గది కోసం స్నేహితుల్లో ఒకడు చీర కట్టి ఇంకొకడికి పెళ్లామవుతాడు. 1955లో బెంగాలీలో వచ్చిన 'జయ్ మా కాళీ బోర్డింగ్' ఆధారంగా హృషీకేశ్ ముఖర్జీ 1966లో హిందీలో 'బీవీ ఔర్ మకాన్' తీశాడు. పెళ్లామూ ఇల్లూ అని పేరులోనే కథంతా చెప్పేశాడు. 1988లో సచిన్ పిల్గావ్‌కర్ దాన్ని మరాఠీలో 'అశీ హీ బన్వా బన్వీ' చేశాడు. తనూ చీర కట్టి, లక్ష్మీకాంత్ బెర్డేకూ కట్టించాడు. అక్కణ్నుంచి 1990ల మొదట్లో తెలుగులోకి వచ్చి 'చిత్రం భళారే విచిత్రం' అయింది. నరేశ్ ఆడవేషం, పి.ఎన్. రామచంద్రరావు దర్శకత్వం. తర్వాత కన్నడంలో 'బొంబాట్ హెండ్తి', 1995లో తమిళంలో ప్రశాంత్ 'ఆణళగన్'.

ఈ వరుసలో హిందీ, మరాఠీ, తెలుగు, కన్నడ సినిమాలు నాలుగూ సబ్‌టైటిళ్ల అవసరం లేకుండా చూడగలిగే ఊరు ఎక్కడైనా ఉందా అంటే, నాకు తోచేది జహీరాబాదే. హైదరాబాద్ నుంచి పుణె వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. వికారాబాద్‌లో బయల్దేరే రైలు మార్గం జహీరాబాద్, బీదర్, ఉద్గీర్ దాటి పర్లీ చేరుతుంది. అంటే ఒకే పట్టా మీద మూడు రాష్ట్రాలు. నిజాం కాలంలో ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో భాషల లెక్కన రాష్ట్రాలను పంచినప్పుడు మెదక్‌కు వచ్చింది, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి పోయింది. ఊరు కదల్లేదు, బోర్డులే మారాయి. మాటల్లో మాత్రం పాత జిల్లా అలాగే మిగిలింది.

ఆడవేషాల సినిమా అనగానే ప్రపంచమంతా చెప్పుకునేది బిల్లీ వైల్డర్ 1959లో తీసిన 'సమ్ లైక్ ఇట్ హాట్'. 1929 నాటి షికాగోలో ఇద్దరు వాద్యగాళ్లు గ్యాంగ్‌స్టర్ల హత్యాకాండను కళ్లారా చూస్తారు. ప్రాణం దక్కించుకోవడానికి గౌన్లు తొడిగి ఆడవాళ్ల బ్యాండులో చేరతారు. అదే బ్యాండులో మార్లిన్ మన్రో పాడుతుంటుంది. టోనీ కర్టిస్, జాక్ లెమన్ ముఖాలకు పూసిన మేకప్ రంగుల ఫిల్ము మీద పచ్చగా కొట్టడంతో సినిమాను నలుపు తెలుపులోనే తీశారు. ఆ కథ కూడా అమెరికాలో పుట్టలేదు. ఫ్రాన్సులో 1935లో, జర్మనీలో 1951లో వచ్చిన సినిమాలు దానికి మూలం. హిందీలో రిషీ కపూర్, పేంటల్‌తో 1975లో 'రఫూ చక్కర్' అయింది.

కానీ మన వాళ్ల గుండెకు దగ్గరైంది గ్యాంగ్‌స్టర్ భయం కన్నా ఓనరు భయమే అని నా లెక్క. తుపాకీ మనకు సినిమాల్లోనే ఎదురవుతుంది. ఓనరు మాత్రం ప్రతినెలా ఒకటో తారీఖున ఎదురవుతాడు.

సినిమాకు ముందు ఈ వేషం నవ్వుకోసం కాదు. జహీరాబాద్‌కు పడమట, మరాఠీ సంగీత నాటకాల్లో ఆడవేషాలు వేసిన నటుడు బాలగంధర్వ కట్టిన చీర తీరును ఇళ్లలో ఆడవాళ్లు అనుకరించేవారు. తూర్పున, బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా తెలుగు నాటకరంగాన్ని ఏలాడు. 1956లో పద్మశ్రీ వచ్చింది. మన పల్లెల బాగోతాల్లోనూ మీసం గీయించుకుని సత్యభామ అయిన మగవాళ్లను చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దక్కన్‌లో కవులైతే చీర కూడా కట్టకుండా ఆడగొంతు అరువు తెచ్చుకున్నారు. పదిహేడో శతాబ్దంలో బీజాపూర్ కవి హాష్మీ ఆడవాళ్ల నుడికారంలో రాసిన కవిత్వాన్ని రేఖ్తీ అన్నారు.

బాగోతంలో సత్యభామ మగవాడని చూసేవాళ్లందరికీ తెలుసు, ఎవరూ నవ్వరు. సినిమాలో మనకు తెలుసు, ఓనరుకు తెలీదు. ఆ సందులోంచే నవ్వు పుడుతుంది. కమల్ హాసన్ 'భామనే సత్యభామనే' దీన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. అందులో హీరో పనిచేసేదే సినిమారంగంలో; అక్కడి మేకప్‌మ్యాన్ సాయంతోనే విడిపోయిన భార్య ఇంట్లో, తన కూతురికే ఆయాగా కుదురుకోగలుగుతాడు. తమిళం నుంచి వచ్చిన ఆ డబ్బింగ్ పేరులో భామాకలాపం వాసన ఎలా చొరబడిందో చూడండి. హిందీలో అదే 'చాచీ 420'.

ఇన్ని ఆడగొంతులు మగవాళ్లే పలికిన నేల మీద, జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు నడిపే స్టేషను, 90.4 మీద. అందులో వినిపించే జొన్నల మాట, విత్తనాల మాట, పాట వాళ్ల గొంతువే. అదే సంఘాల ఆడవాళ్లు కెమెరా పట్టి సొంతంగా సినిమాలూ తీశారు. ఈ చుట్టుపక్కల వేషం లేని ఆడపాత్ర చూడాలంటే నేను ముందు అటే పొమ్మంటాను.

మొన్న హైవే పక్క చాయ్ హోటల్లో నరేశ్ సినిమా ప్రస్తావన తెచ్చాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయనకు అది మొత్తం గుర్తుంది, మరాఠీది కూడా. రెండు సినిమాల సీన్లూ కలిపేసి చెప్తూ చెప్తూ భుజం మీది తువ్వాలను కొంగులా తలమీదికి లాక్కున్నాడు, గొంతు సన్నం చేశాడు. ఇంతలో బీదర్ బస్సు దిగిన ఇద్దరు కన్నడంలో చాయ్ అడిగారు. ఆయన తువ్వాల తియ్యకుండానే, ఆ సన్నగొంతుతోనే, కన్నడంలో కూర్చోమన్నాడు.