కారానికి అలవాటు పడేదెవరు?

రండర్రా, అరుగు మీద దుమ్ము దులిపేశాలే, కూర్చోండి. ఇందాక మన చిన్నోడు కొత్తావకాయ అన్నం తిని, ఉఫ్ ఉఫ్‌మంటూ చెంబెడు నీళ్లు తాగేశాడు, చూశారా? ఆ మంట నీళ్లకి కరిగే రకం కాదు, పెరుగు తినాల్సింది. పైగా ఆగకుండా ముద్ద వెనక ముద్ద కొట్టాడు, మంట పెరిగిపోయింది. అదే మధ్యలో ఓ పావుగంట ఆగి మళ్లీ మొదలెడితే, అదే ఆవకాయ కాస్త మెత్తబడినట్టు ఉండేది. పచ్చడి ఏం మారదు. ఆ కాసేపట్లో మారేది నాలుకలో నరాలు.

అసలు కారాన్ని మనం షడ్రుచుల్లో కూర్చోబెట్టాం గానీ, శాస్త్రం లెక్కలో అది రుచి కాదు, వేడి. మిరపకాయలో క్యాప్సైసిన్ ఉంటుంది. గింజల్లో అనుకుంటారు చాలామంది, నిజానికి గింజలు పట్టుకునుండే తెల్లటి ఈనెలో ఎక్కువ. దాన్ని గుర్తుపట్టే గ్రాహకం మన నరాల కొసల మీద ఉంది. పేరు టీఆర్‌పీవీ1. నోరు తిరక్కపోతే పోనీండి. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం దాన్ని కనిపెట్టింది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఒంటికి 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకోవడం దాని పని. క్యాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పచ్చడికి కూడా నుదుటి మీద చెమట పట్టేది అందుకే. నోరు కాలుతోందని మెదడుకి కబురు వెళ్లిపోయింది మరి! పక్షులకీ ఈ గ్రాహకం ఉంది గానీ, వాటిది క్యాప్సైసిన్‌ని ఖాతరు చెయ్యదు. చిలక పండుమిరపకాయని ఎంత దర్జాగా కొరుకుతుందో చూశారుగా.

ఇప్పుడు మన చెరువు తూము తలుచుకోండి. తలుపెత్తితే నీళ్లు కాలవలోకి దూకుతాయి. ఈ గ్రాహకమూ అలాంటి తూమే. తెరుచుకుంటే బయటున్న సోడియం, కాల్షియం కణంలోకి దూకుతాయి, నరం కబురు పంపుతుంది. కానీ కాల్షియం మితిమీరితే కణానికే ముప్పు. చెరువు దగ్గరైతే తలుపు దించడానికి ఓ మనిషి పరుగెత్తాలి. ఇక్కడ లోపలికొచ్చిన కాల్షియమే ఆ పని చేయిస్తుంది! అది కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ని లేపుతుంది. ఆ ఎంజైమ్ తూముకి అంటుకున్న ఫాస్ఫేట్‌ని పీకేస్తుంది. ఫాస్ఫేట్ ఊడిన తూము మొండికేస్తుంది, ఎంత కారం తగిలినా ఓ పట్టాన తెరుచుకోదు. తలుపు దింపించేది ఆ వచ్చిన వరదే! నాకైతే ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటే.

మరీ చాలాసేపు కారం తగులుతూనే ఉంటే, కణం ఏకంగా తూముల్నే పెకలించి లోపలికి లాగేసుకుంటుంది. కొన్నిటిని అరిగించేసుకుంటుంది కూడా. రోజూ గొడ్డుకారం తినేవాళ్ల నోరు మొద్దుబారిందంటారే, అందులో కొంత వాటా ఈ నరాలది. మిగతాది అభ్యాసం, కాస్త గొప్పలు పోవడం.

దీనికి తిరుగుబాట కూడా ఉందండోయ్. నోరు పూసినప్పుడు గోరువెచ్చటి చారు కూడా ఎందుకు మండుతుంది? పుండు పడి వాచినచోట ప్రొస్టాగ్లాండిన్లలాంటి పదార్థాలు పుడతాయి. వాటి పుణ్యమా అని ఊడిన ఫాస్ఫేట్ మళ్లీ అతుక్కుంటుంది, లోపల దాచిన తూములు పైకొస్తాయి. ఇక 43 డిగ్రీలదాకా ఆగవు, అంతకంటే తక్కువ వేడికే తెరుచుకుంటాయి. దెబ్బ తగిలినచోట ముట్టుకోనివ్వకుండా కాపాడుకోవడానికి ఒంటికి తెలిసిన ఉపాయం అది.

డాక్టర్లు ఈ గుట్టు పట్టుకుని మంటతోనే నొప్పి తీస్తున్నారు. సర్పి తగ్గాక కొందరికి నెలల తరబడి నరాల నొప్పి మిగిలిపోతుంది. దానికి 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీ వేస్తారు. అమెరికాలో 2009లో అనుమతిచ్చారు. గంటసేపు ఉంచి తీసేస్తారు. అంత మోతాదుకి తూములే కాదు, నరాల కొసలే వెనక్కి ముడుచుకుపోయి, కొన్ని నెలలపాటు నొప్పి తగ్గుతుంది. ఆ గంటసేపూ మాత్రం భరించాలి. చేతికి తొడుగులు లేకుండా నర్సమ్మ కూడా ఆ పట్టీని ముట్టుకోదు.