సుగ్గికి పోయే ఊళ్లో చదువు

దీపావళి దాటిందంటే కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఊళ్లు పలచబడటం మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద, ఆలూరు వైపు వానమీద ఆధారపడిన సేద్యమే ఎక్కువ. పంట చేతికొచ్చినా రాకపోయినా అప్పు మాత్రం ఆగదు. మూటాముల్లె సర్దుకుని సుగ్గికి, అంటే వలస కూలికి, బయలుదేరతారు. కొందరు గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు, కొందరు తెలంగాణకు పత్తి తీయడానికి, మరికొందరు బెంగళూరుకు కట్టడం పనులకు. ఇంట్లో ముసలివాళ్లుంటే పిల్లలను వాళ్లకు అప్పజెప్పి పోతారు. లేకపోతే పిల్లలూ వెంట నడుస్తారు. వాళ్ల పేర్లు బడి హాజరు పట్టీలో ఉంటాయి. పిల్లలు మాత్రం మిరప చేల గట్ల మీద, పట్టాలు కప్పిన గుడారాల దగ్గర తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఆడిస్తూ ఉంటారు.

తిరిగి ఊరు చేరేసరికి ఉగాది వస్తుంది. పదో తరగతి పరీక్షలేమో మార్చిలో. 2023 ఫలితాల్లో రాష్ట్రంలో అన్నిటికన్నా వెనకబడింది నంద్యాల జిల్లా, 60.39 శాతం. మరుసటేడు ఆ స్థానంలోకి కర్నూలు వచ్చింది, 62.47 శాతంతో. ఆ ఏడు రాష్ట్రం మొత్తం మీద 86.69 శాతం మంది పాసయ్యారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగేదాకా నంద్యాల, కర్నూలు ఒకే జిల్లా. ఈ రెండేళ్లూ మొదటి స్థానం మాత్రం పార్వతీపురం మన్యానిది. అదీ పేద జిల్లాయే, కొండలూ గిరిజన గూడేలూ ఉన్న జిల్లా. పేదరికం వల్ల చదువు రాలేదని చెప్పి చేతులు దులుపుకోవడానికి ఈ ఫలితాలు ఒప్పుకోవు.

ఫలితాలు రాగానే ఏటా ప్రణాళికలు తయారవుతాయి. పొద్దున ఒక స్టడీ అవర్, సాయంత్రం ఒక స్టడీ అవర్, రోజూ స్లిప్ టెస్టులు, వెనకబడ్డ పిల్లలకు వేరే గ్రూపు, చివర్లో వంద రోజుల కార్యక్రమం. వీటితో అంచున ఉన్న పిల్లలు గట్టెక్కుతారు, సందేహం లేదు. కానీ మూడో తరగతిలో చదవడం రాని బిడ్డ పదో తరగతిలో తప్పితే, ఆ తప్పు పదో తరగతిది కాదు. దేశవ్యాప్తంగా పల్లె పిల్లల చదువును ఇంటింటికీ తిరిగి పరీక్షించే అసర్ సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 22.6 శాతం ఉంటే, కరోనా తర్వాత 2022లో 10.3 శాతానికి పడిపోయారు. ఆ పిల్లలు కూడా రేపు పదో తరగతికి వస్తారు.

జిల్లాను యూనిట్‌గా తీసుకుని చదువు బాగుచేయాలన్న ఆలోచనకు కర్నూలు కొత్త కాదు. 1994లో కేంద్రం జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. టీచర్లందరి నోటా అది డీపెప్. ఆడవాళ్ల అక్షరాస్యత దేశ సగటు కన్నా తక్కువగా ఉండటం జిల్లాల ఎంపికకు ముఖ్యమైన కొలబద్ద. 1996లో రాష్ట్రంలో బ్రిటన్ సాయంతో తొలివిడత మొదలైన అయిదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. మిగతావి విజయనగరం, నెల్లూరు, వరంగల్, కరీంనగర్. కడప మలివిడతలో, ప్రపంచ బ్యాంకు రుణంతో చేరింది. అప్పటి లక్ష్యాలు ఇప్పుడు చదివినా స్పష్టంగా ఉంటాయి. బడి మానేసేవాళ్లు పది శాతం లోపుండాలి, పిల్లల అభ్యసన స్థాయి మొదట్లో కొలిచినదాని మీద కనీసం 25 శాతం పెరగాలి, ఆడ మగ తేడా, కులాల తేడా అయిదు శాతానికి మించకూడదు. మండల వనరుల కేంద్రాలు, స్కూల్ కాంప్లెక్సుల్లో టీచర్ల సమావేశాలు, బోధన సామగ్రికి ఏడాదికి టీచరుకు 500 రూపాయలు, బడికి 2,000 రూపాయల గ్రాంటు అప్పుడు వచ్చినవే. గదులు లేచాయి, పిల్లలు బడిలో చేరారు. అయినా 2011 జనాభా లెక్కల నాటికి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఉంది. ఆడవాళ్లలో దాదాపు సగం మందికే అక్షరం వచ్చు. అదే ఏడు కడప 67 శాతం దాటింది.

చదువు దేనివల్ల పెరుగుతుందో తేల్చడానికి ప్రపంచంలో జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి రాయలసీమ బళ్లలో కూడా జరిగింది. ఆ సంగతి కడపలోనే చాలామందికి తెలియదు. 2005లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ రాష్ట్ర ప్రభుత్వంతో, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్‌తో, ప్రపంచ బ్యాంకుతో కలిసి అయిదు జిల్లాలు ఎంచుకున్నారు. రాయలసీమ నుంచి కడప. ఒక్కో జిల్లాలో పది మండలాలు, మండలానికి పది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు, మొత్తం అయిదు వందల బళ్లు. లాటరీ వేసి వాటిని అయిదు గుంపులుగా విడదీశారు. ఒక గుంపులో పిల్లల మార్కులు పెరిగితే ఆ టీచరుకు బోనసు. ఇంకో గుంపులో బడి టీచర్లందరికీ కలిపి బోనసు. మరో గుంపుకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు. నాలుగో గుంపుకు నోటు పుస్తకాలు, సామగ్రి కొనుక్కునేందుకు డబ్బు. చివరి గుంపుకు ఏమీ లేదు, పోల్చి చూడటానికి.

రెండేళ్లకు వచ్చిన ఫలితాలు చాలా అంచనాలను తలకిందులు చేశాయి. బోనసు ఉన్న బళ్లలో పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ స్పష్టంగా ముందుకు వెళ్లారు. వందమందిని మార్కుల వరుసలో నిలబెడితే, సరిగ్గా మధ్యనుండే పిల్లవాడు లెక్కల్లో పది స్థానాలు ముందుకు జరిగినట్టు. బోనసుతో సంబంధం లేని సైన్సు, సాంఘికశాస్త్రాల్లో కూడా మెరుగయ్యారు. అలాగని టీచర్లు మునుపటి కన్నా ఎక్కువ రోజులు బడికి రాలేదు, గైర్హాజరు మారలేదు. వచ్చిన రోజున చేసే పని మారింది. ఇంటిపని ఎక్కువ ఇచ్చారు, బడి వేళ దాటాక కూడా చెప్పారు, నమూనా పరీక్షలు పెట్టారు, వెనకబడ్డ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. అదనపు కాంట్రాక్టు టీచరు దొరికిన బళ్లలోనూ చదువు మెరుగైంది.

డబ్బు ఇచ్చిన బళ్ల కథ వేరు. మొదటి ఏడాది ఎవరూ ఎదురుచూడని డబ్బు కాబట్టి మార్కులు పెరిగాయి. రెండో ఏడాది, బడే పుస్తకాలు ఇస్తుందని తెలిసిన తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. కూలి డబ్బుతో ఇల్లు నడిపేవాళ్లు చేసే లెక్కే అది, అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. దాంతో అదనపు ఫలితం ఆవిరైంది. బోనసు పద్ధతిని ప్రభుత్వం రాష్ట్రమంతటికీ విస్తరించలేదు. మార్కులకు డబ్బు ముడిపెట్టడం మీద ఉన్న అభ్యంతరాల్లో బలమైనవీ ఉన్నాయి. అయితే ఆ బళ్లు నేర్పిన పాఠం బోనసు గురించి మాత్రమే కాదు. గదిలో టీచరు పిల్లవాడితో గడిపే ఆ కొన్ని గంటలను మార్చని సంస్కరణ ఏదీ మార్కుల దాకా చేరదని అది చెప్పింది.

ఆ గంటలను ఎలా మార్చాలో చూపించిన చోటు కూడా దూరంలో లేదు. కడప జిల్లా దాటితే మదనపల్లె. దాని పక్కనున్న రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరినుంచీ చుట్టుపక్కల పల్లెల చిన్న బళ్లలో ఒక పద్ధతి రూపొందించారు. ఒకే టీచరు, ఒకే గది, అయిదు తరగతుల పిల్లలు. ఇలాంటి చోట తరగతివారీ పాఠ్యపుస్తకం పనిచేయదని వాళ్లు గుర్తించారు. పాఠాన్ని ముక్కలుగా విడగొట్టి కార్డులు చేశారు. ప్రతి కార్డు మీదా ఒక బొమ్మ, ఒక నంబరు. గోడకు ఒక నిచ్చెన పటం ఉంటుంది, దాని మెట్ల మీద అవే బొమ్మలు. పిల్లవాడు తాను నిన్న ఆగిన మెట్టు ఎక్కడో తానే చూసుకుని, ఆ బొమ్మ ఉన్న కార్డు అరలోంచి తీసుకుని, తగిన గుంపులో కూర్చుంటాడు. కొత్త పాఠమైతే టీచరు పక్కన, సాధన అయితే తోటి పిల్లల పక్కన. పది రోజులు బడికి రాకపోయినా తిరిగొచ్చాక ఆగిన మెట్టు దగ్గర్నుంచే మొదలు. తప్పిపోయిన పాఠం అంటూ ఏదీ ఉండదు.

సుగ్గికి పోయి వచ్చే పిల్లలకు ఇంతకన్నా అవసరమైన ఏర్పాటు మరొకటి తోచదు. కర్ణాటక నలి-కలి, తమిళనాడు కార్యాచరణ బోధన ఈ పద్ధతి చూసి పుట్టినవే. రెండు పొరుగు రాష్ట్రాలు ఊరూరికీ తీసుకుపోయిన పద్ధతి, పుట్టిన సీమలోనే, పడమటి మండలాలున్న ఆదోని డివిజన్లో ఇంకా వేళ్లూనుకోకపోవడం బాధ కలిగించే విషయం.

ఆడపిల్లల సంగతికి వస్తే వలసతో పాటు ఇంకో అడ్డంకి ఉంది. సీడు పత్తి. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల చుట్టూ ఉన్న చేలల్లో సంకర విత్తనం కోసం క్రాసింగ్ పనులు చేస్తారు. సాయంత్రం మొగ్గల్లోని కేసరాలను ఒక్కొక్కటిగా గిల్లి తీసేయాలి. మర్నాడు పొద్దున వేరే రకం పువ్వుతో ఆ మొగ్గలకు పుప్పొడి రాయాలి. నెలల తరబడి రోజూ ఇదే పని. చిన్న చేతులు, తక్కువ కూలి, వంగకుండానే చేతికి అందే మొక్క. అందుకే ఆడపిల్లలను పెట్టుకునేవారు. ఇరవయ్యేళ్ల కిందట ఈ బాలకార్మికుల కథ అంతర్జాతీయ వార్తయింది. విత్తన కంపెనీల మీద ఒత్తిడి వచ్చింది, కొంత తగ్గింది. బడికి రాని ఆడపిల్లల కోసం 2004లో దేశమంతటా కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలయ్యాయి. రాష్ట్రంలో ఇప్పుడు 352 ఉన్నాయి. చేనులో కూలికి పోవాల్సిన పిల్లకు, పద్నాలుగేళ్లకే సంబంధం చూస్తున్న పిల్లకు అక్కడ దొరికే మంచం, మూడు పూటల భోజనం, చదువుకునే టేబులు చిన్న విషయాలు కావు. ఈ సీమకు అందిన పథకాల్లో ఇంత సూటిగా సమస్యను తాకింది మరొకటి లేదు.

హాస్టలే సర్వరోగ నివారిణి అనుకోవడానికీ లేదు. 2025లో పదో తరగతిలో ఆఖరి స్థానం అల్లూరి సీతారామరాజు జిల్లాది, 47.64 శాతం. అక్కడ ఆశ్రమ పాఠశాలలకు కొదవ లేదు. పిల్లవాణ్ని బడిలో నిలబెట్టడం మొదటి మెట్టు. ఆ తర్వాత పాఠం కావాలి, చెప్పే మనిషి కావాలి.

గత కొన్నేళ్లలో రాష్ట్రం పెట్టిన ఖర్చు ఎక్కువగా ఇటుక మీదా, తల్లి ఖాతా మీదా సాగింది. 2019 నవంబరు 14న మొదలైన మనబడి నాడు-నేడు తొలివిడతలో 15,715 బళ్లకు మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బెంచీలు, ప్రహరీ గోడలు వచ్చాయి. పగిలిన గచ్చు మీద కూర్చున్న పిల్లలకు ఆ బెంచీ దక్కాల్సిందే. 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం పేరుతో తల్లులకు డబ్బు అందింది. మరోవైపు చిన్న తరగతుల చదువు మీద దృష్టి పెట్టిన సాల్ట్ పథకానికి 2021లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. 2018లో ఆకాంక్షిత జిల్లాల జాబితాలో చేరిన కడపకైతే, ఢిల్లీ వేసే మార్కుల్లో 30 శాతం చదువు, బళ్ల వసతులవే.

ఈ పథకాలన్నిటికీ రాష్ట్రమంతటా ఒకటే క్యాలెండరు. ఇబ్బంది అక్కడే. 2024 డిసెంబరు 7న అన్ని ప్రభుత్వ బళ్లలో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. కడప మున్సిపల్ హైస్కూల్‌కు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చారు. టీచరూ తల్లీ ఎదురెదురుగా కూర్చుని బిడ్డ చదువు గురించి మాట్లాడుకోవడం మంచి ఆలోచన. కానీ డిసెంబరు మొదటి వారమంటే పడమటి మండలాల తల్లిదండ్రుల్లో చాలామంది ఊళ్లో లేని కాలం. మరుసటేడు ఇదే సమావేశం జూలై 10న పెట్టారు. విత్తనాలు వేసే రోజులవి, జనం ఊళ్లోనే ఉంటారు.

సీజనల్ హాస్టళ్లదీ ఇదే చిక్కు. తల్లిదండ్రులు సుగ్గికి పోయినా పిల్లలు ఊరి బడిలోనే చదువుకునేలా రాత్రి పడకా, భోజనమూ చూసే ఏర్పాటు ఇది. సమగ్ర శిక్ష నిధులతో నడుస్తుంది. ఎడ్లబండో, లారీయో ఊరు దాటిన తర్వాత హాస్టల్ తెరిస్తే అందులో చేరడానికి పిల్లలు ఉండరు. దసరా సెలవుల్లోనే ఏ ఇంటివాళ్లు పోతారో రాసుకుని, దీపావళికి వంటమనిషీ బియ్యమూ సిద్ధంగా ఉంటే, తాత అవ్వలు లేని ఇంట్లో కూడా తల్లి బిడ్డను వదిలి వెళ్లడానికి ధైర్యం చేస్తుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లా అధికారికి ఆ డబ్బు నవంబరు లోపు ఖర్చుపెట్టే అధికారం ఇస్తే చాలు.

ఇక టీచర్లు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటిస్తే, జిల్లా స్థాయి పోస్టుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉమ్మడి కర్నూలుకే వచ్చాయి: 2,645. ఉమ్మడి కడపకు 705. ఇన్ని ఉద్యోగాలు వచ్చాయని సంబరపడటానికి ముందు, అప్పటిదాకా ఇన్ని కుర్చీలు ఖాళీగా ఉండేవని గుర్తుంచుకోవాలి. 2022లో జీవో 117 కింద మూడు నుంచి అయిదు తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలిపారు. 2025లో దాన్ని రద్దుచేసి, తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు. ఆ లెక్క నిలబడాలన్నా మనుషులు కావాలి.

వచ్చినవాళ్లను నిలుపుకోవడం అసలు కష్టం. బస్సు సరిగా లేని ఊళ్లో పనిచేసినందుకు బదిలీల్లో టీచరుకు ఎక్కువ పాయింట్లు దక్కుతాయి. న్యాయమైన నియమమే. కానీ ఆ పాయింట్లు ఉపయోగపడేది ఆ ఊరు వదిలి పోవడానికి. హొళగుందలో అయిదేళ్లు పిల్లల మధ్య గడిపి, వాళ్ల కన్నడ కలిసిన తెలుగు వంటబట్టించుకుని, ఏ ఇల్లు ఏ నెలలో తాళం పడుతుందో తెలుసుకున్న టీచరు కౌన్సెలింగ్‌లో కర్నూలు పట్టణం పక్కకు వెళ్లిపోతే, ఆ స్థానంలో మళ్లీ కొత్తవారు మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఉండిపోయినవారికి ఇల్లు, అదనపు భత్యం, పిల్లల చదువుకు సాయం లాంటివి ఇస్తే ఇప్పుడు చేరిన కొత్త టీచర్లలో కొందరైనా పడమటి మండలాల్లో ఉండిపోతారు. 2025 సెప్టెంబరులో నియామక పత్రాలు అందుకున్న వాళ్లకు తొలి బదిలీ అవకాశం వచ్చేలోగా జిల్లా యంత్రాంగం తేల్చుకోవాల్సిన విషయం ఇది.